కోటి అల్లుళ్ళ అత్త

ఆమెకు కూతుళ్ళు లేరు. ఉన్న ఒక్క కొడుకూ బస్సు నడుపుతాడు, పెళ్ళి మాట ఎత్తితే ఆ బస్సు కంటే వేగంగా పారిపోతాడు. అయినా ఆ బట్టల మిల్లులో గేటు కాపలావాడి నుంచి పైన మేనేజరు దాకా అందరూ ఆమెను అత్త అనే పిలుస్తారు. ఎందుకంటే ఆమెకు అల్లుళ్ళు కోట్లలో ఉన్నారు. కంటికి కనబడరు. మిల్లు వెనక గోడవారన, మనిషి మునిగేంత లోతున్న సిమెంటు తొట్టిలో, మట్టిరంగు నీళ్ళలో ఉంటారు. రంగుల షెడ్డు నుంచి వచ్చే మురుగులోని మలినాన్నంతా తినేసి నీటిని తేటపరిచే సూక్ష్మజీవులవి. అల్లుళ్ళన్న పేరు ఆమె పెట్టిందే.

"ఎందుకత్తా ఆ పేరు?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు.

"వేళకి పెట్టాలి. ఎక్కువ పెడితే అరగదు, తక్కువ పెడితే అలక. వేడి పడదు, చలి పడదు. పగలూ రాత్రీ పక్కన కూర్చుని విసరాలి. ఇంత చేసినా ఒక్కపూట తేడా వచ్చిందా, ఇల్లంతా కంపు చేసి పోతారు. అలాంటివాళ్ళని అల్లుళ్ళనక ఇంకేమంటారు నాయనా?"

పదహారేళ్ళ కిందట ఆమె అక్కడికి వచ్చింది చీపురు పట్టుకుని. తొట్ల చుట్టూ చేరే నురుగు ఊడవడం, అడుగున పేరుకున్న బురదను బస్తాలకెత్తడం ఆమె పని. అప్పట్లో మురుగు ప్లాంటు చూసుకునే ముసలి ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. రోజూ పొద్దున్నే తొట్టిలోంచి ఒక పొడుగాటి గాజు జాడీకి నీళ్ళు ముంచి, అరగంట కదల్చకుండా పెట్టేవాడు. బురద ఎంత అడుగుకు దిగిందో, పైన నీళ్ళు ఎంత తేరాయో చూసి అల్లుళ్ళ క్షేమ సమాచారం చెప్పేవాడు. వయసు మీదపడి జాడీ మీది గీతలు ఆయనకు కనబడడం మానేశాయి. "అమ్మాయీ, ఏ గీత దగ్గరుందో కాస్త చూసి చెప్పు" అని ఈమెను పిలవసాగాడు. ఏడో తరగతితో ఆగిపోయిన ఆమె చదువు అలా మళ్ళీ మొదలైంది. నురుగు తెల్లగా ఉంటే అల్లుళ్ళు ఇంకా పసివాళ్ళని, జిడ్డుగా గోధుమరంగులో ఉంటే ముసలివాళ్ళయ్యారని, వాన పడ్డ మట్టి వాసన వస్తే అంతా బాగుందని, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదని నేర్చుకుంది. ఆయన వెళ్ళిపోయాక ఆ కంపులో నిలబడడానికి చదువుకున్నవాడెవడూ రాలేదు. ఆమె ఉండిపోయింది. పదహారేళ్ళలో కంపెనీ తన పేరుబోర్డు మూడుసార్లు మార్చుకుంది కానీ, ఆమె గుర్తింపు కార్డు మీద "స్వీపర్" అన్న మాట మార్చడానికి దానికి తీరిక దొరకలేదు.

ఆ ప్లాంటులో అసలు పద్ధతి ఏమిటో చెప్పకపోతే కథ నడవదు. అల్లుళ్ళకు విసరడమంటే విసనకర్రతో కాదు. తొట్టి అడుగు నుంచి గాలి ఊదే పెద్ద మోటార్లున్నాయి, బ్లోయర్లంటారు. అవి కరెంటును నీళ్ళలా తాగుతాయి. కాబట్టి మేనేజరు వాటిని ఆపించి ఉంచేవాడు. మేనేజరుకు మిల్లులో "సర్దుబాటు సారు" అని పేరు. షెడ్డు కప్పు కారినా, కార్మికుడి వేలు తెగినా ఆయన నోట వచ్చే మొదటి మాట "సర్దుకుందాం". తనిఖీకి ఎవరో వస్తున్నారని నాలుగు రోజుల ముందు కబురందేది. అప్పుడు బ్లోయర్లు తిరిగేవి. అత్త పరుగున బెల్లం నీళ్ళు కలిపి పోసి, చావగా మిగిలిన అల్లుళ్ళను లేపి కూర్చోబెట్టేది. వచ్చినవాళ్ళు చివరి తొట్టిలో తేట నీళ్ళు చూసి, తలలూపి, సంతకాలు చేసి పోయేవారు. వాళ్ళ కారు మలుపు తిరిగేలోపే మోటార్లు ఆగేవి. ఆ నాలుగు రోజుల నీటికి ఆమె "చూపుల నీళ్ళు" అని పేరు పెట్టింది. మిగతా మూడు వందల అరవై రోజుల నీళ్ళు ఏ రంగు బట్టకు అద్దితే ఆ రంగులో కాలవలోకి పోయేవి.

అలాంటి కంపెనీకి ఉన్నట్టుండి భూమి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఏడు మిల్లులున్న కంపెనీ అది. హెడ్డాఫీసు నుంచి ఒక కుర్ర అధికారి దిగాడు. చంకలో ఎప్పుడూ లాప్‌టాప్ ఉండేది కాబట్టి అతను లాప్‌టాప్ బాబు అయ్యాడు. అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి, గోడ మీద ఆకుపచ్చ బొమ్మలు వేసి, రాబోయే తరాల గురించి గంటసేపు మాట్లాడాడు. వెనక బెంచీలో రంగుల మాస్టారు కునికాడు. ఆయన అత్తకు స్వయానా మరిది. షెడ్డులో ఏ బట్టకు ఏ రంగు ఎంత పడాలో ఆయన మాటే చట్టం.

మీటింగు అయ్యాక లాప్‌టాప్ బాబు ప్లాంటుకు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోలేదు. అది అత్తకు నచ్చింది.

"ఒక మాట అడుగుతాను బాబూ, తప్పుగా అనుకోవద్దు" అంది. "రాబోయే తరాలు నిన్నటిదాకా రాలేదా? ఇప్పుడే బయల్దేరాయా?"

అతను నవ్వాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీతో నిజమే చెబుతాను అత్తా. మన బట్ట సగం కొనేది సముద్రం అవతలి పెద్ద కంపెనీ. నీళ్ళు బాగుచేసినట్టు కాగితం లేని మిల్లు బట్ట ఇకమీదట కొనమంటున్నారు. అక్కడ వాళ్ళ కొట్టు ముందు జనం నిరసనగా అట్టలు పట్టుకుని నిలబడుతున్నారట. పక్క దేశం మిల్లుకి ఆ కాగితం అప్పుడే వచ్చేసింది. బ్యాంకువాళ్ళు కూడా అది ఉంటేనే కొత్త మిషన్లకి తక్కువ వడ్డీ అంటున్నారు. అదీకాక మన బోర్లలో రెండు ఎండిపోయాయి కదా. మురుగుని బాగుచేసి తిరిగి వాడకపోతే ఇంకో నాలుగేళ్ళలో రంగు కలపడానికి నీళ్ళే ఉండవు."

"అంటే ప్రేమ కాదన్నమాట."

"కాదు."

"హమ్మయ్య" అంది అత్త. "ప్రేమైతే ఎప్పుడు చల్లారుతుందో తెలీదు. అవసరమైతే నాలుగు రోజులు నిలబడుతుంది."

అతను లాప్‌టాప్ మూసేసి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "కానీ అత్తా, మనసులో లేనిది నిలబడుతుందా? అదే నా అనుమానం."

"చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడుస్తాం. కబురు చేసి వస్తే ఆ పూట ఊడిస్తే చాలు. చెప్పకుండా రావడం మొదలుపెట్టారనుకో, రోజూ ఊడవక తప్పదు. అలా ఏడాదిపాటు రోజూ ఊడ్చాక, చుట్టాలు రాకపోయినా కాలికి ఇసక తగిలితే మనకే చిరాకేస్తుంది. మనసు ముందొచ్చిందా, చీపురు ముందొచ్చిందా అని లెక్కలు తీస్తూ కూర్చుంటే ఇల్లు శుభ్రపడుతుందా? నువ్వు నాకు మోటార్లు తిప్పించు. చాలు."

తిప్పించాడు. హెడ్డాఫీసు ఉత్తరం తెచ్చి సర్దుబాటు సారు బల్ల మీద పెట్టాడు. పదహారేళ్ళలో మొదటిసారి బ్లోయర్లు నలభై రోజులు ఆగకుండా తిరిగాయి. మొదటి వారం తొట్టి కంపు కొట్టింది. మూడో వారానికి తెల్ల నురుగు తగ్గి, మట్టి వాసన మొదలైంది. ముప్పయ్యో రోజున జాడీలో బురద అరగంట పట్టకుండానే సగానికి దిగి కూర్చుంటే, ఆమె ఆ జాడీని పట్టుకుని రంగుల షెడ్డుదాకా నడిచి వెళ్ళి మరిదికి చూపించింది.

"ఏముంది వదినా ఇందులో? మురుగు."

"నీ బుర్రలోది ఇంత తేటగా తేరితే అప్పుడు మాట్లాడు."

షెడ్డంతా గొల్లున నవ్వింది.

తనిఖీ కబురు రానే వచ్చింది. కొనే కంపెనీ తరఫున పరీక్షించే మనిషి మర్నాడు పొద్దున దిగుతుందని మధ్యాహ్నం తెలిసింది. సర్దుబాటు సారు వచ్చి చివరి తొట్టి చూశాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి కానీ పలచటి టీ రంగు అంటిపెట్టుకుని ఉంది.

"ఇదేమిటిది? అద్దంలా ఉండాలి" అన్నాడు.

"రంగు వేసే మిల్లు నీళ్ళు సారు. ఆ మాత్రం ఉంటుంది. మిగతాదంతా శుభ్రంగానే ఉంది. కావాలంటే పరీక్ష చేయించండి."

"సర్లే, సర్దుకుందాం. నువ్వింటికెళ్ళు."

ఆ "సర్దుకుందాం" విన్నప్పుడే ఆమెకు అనుమానం రావలసింది. నలభై రోజుల సంతోషంలో రాలేదు.

గేటు దగ్గర మరిది సైకిలు ఆపి నిలబడ్డాడు. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి ఆ సాయంత్రం ఆడలేదు.

"వదినా, రేపు నువ్వు నోరు విప్పకు. ఈ ఆర్డరు పోతే తొమ్మిది వందల ఇళ్ళలో పొయ్యి వెలగదు. మనింట్లో రెండు."

"నేనేం మాట్లాడతానురా? మాట్లాడితే నా నీళ్ళే మాట్లాడతాయి."

పొద్దున ఆరింటికి వచ్చేసరికి ఆమెకు ముందు తగిలింది వాసన. తొట్టి దగ్గర మట్టి వాసన లేదు. ఊరి కుళాయి వాసన. చివరి తొట్టిలో నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి, అడుగున సిమెంటు అతుకులు లెక్కపెట్టవచ్చు. ఆ అద్దం మీద వంద రంగు చేపలు, ఎరుపూ పసుపూ, తెల్లటి కడుపులు పైకి తిప్పి తేలుతున్నాయి.

జరిగింది ఇది. సర్దుబాటు సారుకు ఆమె నీళ్ళ మీద నమ్మకం లేదు. సాయంత్రం చివరి తొట్టిని ఖాళీ చేయించి, ఊళ్ళోంచి ఏడు ట్యాంకర్ల మంచినీళ్ళు తెప్పించి నింపించాడు. ఫొటోలకు బాగుంటుందని అక్వేరియం కొట్టులో ఉన్న చేపలన్నీ కొనిపించి వదిలించాడు. మనుషులు తాగడానికి బ్లీచింగు కలిపిన నీళ్ళు చేపల మొప్పలను కాల్చేస్తాయని ఆ పెద్ద చదువుల మనిషికి తెలియలేదు. మురుగు నీళ్ళను మంచినీళ్ళతో దాచబోయి, మంచినీళ్ళతోనే హత్య చేశాడు.

"తియ్యండి! తియ్యండవతల!" అని ఆయన కేకలు వేస్తుండగానే గేటులో కారు హారన్ మోగింది.

అత్త కేకలు వినలేదు. వంద చేపల్లో కొన్నింటికి ఇంకా నోరు ఆడుతోంది. చివరి తొట్టికి వెనకవైపు, బురద దిగి తన నీళ్ళు తేరుకునే తొట్టి నుంచి ఒక బకెట్టు ముంచి తెచ్చి, వల బుట్టతో ఆడుతున్నవాటిని ఏరి అందులో వేసింది. తొమ్మిది దొరికాయి.

పరీక్షించే ఆవిడ పొట్టి జుట్టుతో, దుమ్ముపట్టిన బూట్లతో, చేతిలో సీసాల పెట్టెతో వచ్చింది. చివరి తొట్టి దగ్గర ఆగిపోయింది. లాప్‌టాప్ బాబు ఆవిడ మాటలు అందరికీ తెలిసేలా చెప్పాడు. "మీ ప్లాంటులోంచి వచ్చే నీళ్ళు ఇవేనా అని అడుగుతున్నారు."

సర్దుబాటు సారు చటుక్కున అన్నాడు. "అవునని చెప్పు. ప్లాంటు చూసే మనిషి నిర్లక్ష్యం. ఈ రోజే తీసేస్తున్నాం. బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నాం. అన్నీ సరిచేస్తామని చెప్పు."

అత్త ఎదురుగా దారులు రెండే ఉన్నాయి. నోరు మూసుకుంటే ఆ చావులన్నీ తన నీళ్ళ ఖాతాలో పడతాయి. తనూ పోతుంది, తన అల్లుళ్ళూ పోతారు, రేపటి నుంచి ఎవడో కాంట్రాక్టరు మళ్ళీ చూపుల నీళ్ళే నడుపుతాడు. నోరు విప్పితే మిల్లు దొంగతనం బయటపడుతుంది. షెడ్డు గుమ్మంలో మరిది చేతులు కట్టుకుని నిలబడి ఆమెవైపే చూస్తున్నాడు.

"కాదు" అంది అత్త. "ఇవి మా నీళ్ళు కావు. ఊరి కుళాయి నీళ్ళు. మా నీళ్ళు వెనక ఉన్నాయి. బాబూ, ఉన్నదున్నట్టు చెప్పు."

లాప్‌టాప్ బాబు నోరు తెరిచి, మేనేజరు మొహం చూసి, మూశాడు.

ఆమె అతని కోసం ఆగలేదు. రెండు మగ్గులు తీసుకుంది. ఒకదాంట్లో అద్దంలాంటి నీళ్ళు, ఒకదాంట్లో బకెట్టులోని టీ రంగు నీళ్ళు. రెండూ పట్టుకెళ్ళి ఆ పొట్టి జుట్టావిడ ముక్కు దగ్గర పెట్టింది. మొదటి మగ్గు వాసనకు ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. రెండోది రెండుసార్లు పీల్చింది. తర్వాత అత్త ఆవిడ మోచెయ్యి పట్టుకుని బకెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. తొమ్మిది చేపల్లో ఏడు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి.

అప్పుడు లాప్‌టాప్ బాబు మాట్లాడాడు. గడగడా, చాలాసేపు, మేనేజరు వైపు తిరగకుండా మాట్లాడాడు. ఆవిడ సీసాలు తెరిచి, వెనక తొట్టి నుంచి నీళ్ళు నింపుకుంది.

కారు వెళ్ళాక సర్దుబాటు సారు ఒక్క మాటే అన్నాడు. "రేపట్నుంచి ఈ గేటు తొక్కకు."

ఈసారి సర్దుకుందాం అనలేదు.

ఆమె ఇరవై మూడు రోజులు ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం తప్పు, ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా మూతా తోమింది. భర్త వడ్రంగి. మితభాషి. రోజూ పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "తప్పు చేశావనుకుంటున్నావా?" అని అడిగేవాడు. "లేదు." "అయితే డబ్బాలేం తప్పు చేశాయే, వాటి మీద బొమ్మలు పోతున్నాయి" అనేవాడు. మరిది మాత్రం గడప తొక్కలేదు. వీధిలో ఎదురైతే తలతిప్పుకుని పోయేవాడు. రాత్రికి రాత్రి ఆర్డరు పోతుందని అతని భయం. అత్త తలదించుకోలేదు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో సానుభూతి చూపబోతే, "నాకేం తల్లీ, నా అల్లుళ్ళ మీదే బెంగ. వాళ్ళకి వేళకి ఎవరు పెడుతున్నారో" అంది.

ఇరవై నాలుగో రోజున లాప్‌టాప్ బాబు ఇంటికి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, అసలు సంగతి చెప్పాడు. పరీక్షలో అన్నీ నెగ్గాయి, బట్టకు రంగు పట్టడానికి కలిపే ఉప్పు ఒక్కటి తప్పింది. దానికి మిషను పెట్టమని ఆరు నెలల గడువిచ్చారు. కుళాయి నీళ్ళ మోసానికి గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆర్డరు మాత్రం పోలేదు. వాళ్ళకూ సీజనుకు బట్ట కావాలి, ఇంకో మిల్లును వెతికి, నమ్మి, నిలబెట్టుకోవడం వాళ్ళకూ తలనొప్పే. ఇకమీదట చెప్పకుండా వస్తామన్నారు. రిపోర్టు చివర ఆ పొట్టి జుట్టావిడ ఒక వాక్యం రాసింది. ఈసారి వచ్చినప్పుడు ప్లాంటు నడిపే మహిళతోనే మాట్లాడతాను అని.

"అంటే, ఈసారి ఆవిడ వచ్చేసరికి నేను అక్కడ కనబడకపోతే..."

"కంపెనీ మునుగుతుంది అత్తా" అన్నాడు అతను నవ్వు ఆపుకోలేక. "హెడ్డాఫీసంతా మీకోసం వెతుకుతోంది."

కంపెనీ మనసేమీ కరగలేదు, అవసరం పడింది. అత్తకు ఆ తేడా బాగా తెలుసు. ఆ తేడాకు ఆమె బాధపడలేదు, దాన్ని వాడుకుంది.

"మూడు మాటలు రాసుకో బాబూ. మోటార్లు ఆపమని నాకు ఎవరూ చెప్పకూడదు. రంగుల షెడ్డు ఏ తొట్టి వదిలినా ముందు నన్నడగాలి, మరుగుతున్న నలుపు నా అల్లుళ్ళ నెత్తిన ఒక్కసారే కుమ్మరిస్తే కుదరదు. ఇక కార్డు మీద ఆ స్వీపరు మాట తీసెయ్యాలి. ఊడవడానికి నాకు నామోషీ లేదు. కానీ చేసే పని పేరు చేసేవాళ్ళకుండాలి."

మూడూ జరిగాయి. సర్దుబాటు సారును గోదాముల విభాగానికి సర్దారు. ఉప్పు తీసే మిషను బ్యాంకు తక్కువ వడ్డీకిచ్చిన అప్పుతో వచ్చి కూర్చుంది. ఏడాది తిరిగేసరికి రంగుల షెడ్డుకు కావలసిన నీళ్ళలో ముప్పాతిక వంతు అత్త తొట్లలోంచే తిరిగి వెళుతోంది. ఆమె తిరిగి చేరిన మొదటివారమే మరిది నసుగుతూ ఫోను చేశాడు.

"వదినా... నలుపు తొట్టి వదలనా?"

"ఎంత వేడి మీదుంది?"

"చెయ్యి కాలేంత."

"చల్లారాక నాలుగు దఫాలుగా వదులు. భోజనానికి ఇంటికి రారాదూ, మీ అన్నయ్య అడుగుతున్నాడు."

"నీ అల్లుళ్ళకి ఇంత మర్యాదా, మరిదికి అన్నం పెట్టడానికి నెల పట్టిందా?" అన్నాడు మరిది. ఆ మధ్యాహ్నం వచ్చాడు.

కంపెనీ ఆ ఏడు నున్నటి కాగితం మీద ఒక పుస్తకం అచ్చేసింది. భూమాతకు మా మాట అని పేరు. మొదటి పేజీలో చైర్మన్ మొక్క నాటుతున్న ఫొటో, మొక్క కంటే ఆయన బూట్లు ఎక్కువ మెరుస్తున్నాయి. ఇరవై ఆరో పేజీలో తొట్టి ఫొటో, దాని మూల గాజు జాడీ పట్టుకున్న ఒక చెయ్యి. భర్త ఆ పేజీని చాలాసేపు చూసి, "గాజులు నీవే" అన్నాడు. ఆమె ఆ పుస్తకాన్ని కూర గిన్నె కింద పెట్టింది. అంత మందం కాగితం వేడికి బాగా ఆగుతుంది.

తర్వాతి నెల ఆమెను కంపెనీ వాళ్ళ రెండో మిల్లుకు పంపారు, అక్కడి ప్లాంటును దారిలో పెట్టమని. మూడు గంటల ప్రయాణం. దిగేసరికి మధ్యాహ్నమైంది. తొట్టి మీద నల్లటి పొర, కుళ్ళిన గుడ్ల వాసన. బ్లోయర్లకు బూజు పట్టింది. అక్కడి ఆపరేటర్ నడివయసు మనిషి, నీడలో గోనె పరుచుకుని కూర్చున్నవాడు లేచి వచ్చాడు. ఈమె చెప్పులు విడిచి, కొంగు బిగించి, గోడకున్న స్విచ్చుల పెట్టె తెరిచింది.

"అక్కా, ఆగాగు. తనిఖీవాళ్ళు ఎప్పుడొస్తున్నారు?"

"ఎవరూ రావడం లేదు."

"మరి మోటార్లెందుకు?"

"నేనొచ్చాను కదయ్యా" అని, ఆమె మొదటి మీట పైకెత్తింది.